గుప్పి నేల దిగని వానాకాలం

ఒకప్పుడు, నల నామ సంవత్సరంలో, మృగశిర కార్తె తొలివాన పడిన నాలుగో నాడు, గట్టయ్య గొంగడి ఒడిలోకి ఒక కుక్కపిల్ల వచ్చింది.

ఆ రోజుల్లో చిన్న కుక్కకు భయమంటే తెలియదు. ఇప్పటి చిన్న కుక్కను చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు. అయినా నిజం అదే.

గొర్రెల మంద దగ్గర రెండు రకాల కుక్కలు ఉండేవి. పెద్ద కుక్కలు ముళ్లకంచె బయట తిరిగి తోడేళ్లను చూసుకునేవి. చిన్న కుక్కలు కంచె లోపల ఉండేవి. నక్క సందులోంచి దూరి గొర్రెపిల్ల కాలు పట్టిందంటే, చిన్న కుక్క గొర్రెల పొట్టల కిందనుంచి దూసుకొచ్చి నక్క ముక్కు కొరికేది. చూడటానికి కుక్కపిల్లంతే ఉండేది. కానీ నక్కలు పెద్ద కుక్క కన్నా దానికే ఎక్కువ జడిసేవి.

ఆ ధైర్యం దానికి ఎక్కడిదంటే, భూమి ఇచ్చేది.

అప్పట్లో భూమి మాట్లాడేది. ఏ పిల్ల అయినా సరే, నాలుగు కాళ్లు నేల మీద ఆనించగానే భూమి దాని అరికాళ్లకు ఒక్కొక్క సంగతీ చెప్పేది.

"ఇప్పుడు దడదడలాడింది ఉరుము. అది నిన్ను తినదు."

"ఎదురుగా వచ్చేది ఎద్దు. పక్కకు జరిగితే చాలు."

"ఇది ముల్లు. మొదటిసారి గుచ్చుకుంటుంది. రెండోసారి నువ్వే చూసుకుంటావు."

ఇలా విన్నకొద్దీ పిల్లకు అరికాళ్లలోంచి గుండెలోకి ధైర్యం ఎక్కేది. అయితే భూమికి ఒక కాలం ఉంది. కుక్కపిల్లలకు చెప్పాల్సిందంతా ఆరుద్ర కార్తెలో మొదలుపెట్టి, ఆశ్లేష కార్తె దాటకుండా చెప్పేసేది. ఆ తర్వాత దానికి పంటల పని ఉండేది. ఎవరికోసమూ ఆగేది కాదు.

గట్టయ్య గొర్రెలు కాసే కురుమల మందలో ముసలివాడు. కుక్కపిల్లలను పెంచి మందకు తయారుచేయడంలో ఆయనకు పేరుంది. నాలుగూళ్లవాళ్లు కుక్క సంగతి అడగాలంటే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మనిషి మాత్రం వట్టి మొండి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. నాలుగో కాలు చూపించినా, "అది కాలు కాదు, తోక" అనేవాడు.

ఆయన మందలో చీమ అనే చిన్న కుక్క ఉండేది. అది ఒక్కటే పిల్లను ఈని, మూడోనాడు పాము కాటుకు చచ్చిపోయింది. పిల్ల ఇంకా కళ్లు తెరవలేదు. వానలో కుయ్యి కుయ్యిమంటూ పాకుతోంది.

గట్టయ్య దాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు. గుప్పెడు కూడా లేదు. అందుకని గుప్పి అని పేరు పెట్టి, గొంగడిని నడుముకు చుట్టి ముందువైపు ఒడిలాగా మలిచి, అందులో వేసుకుని, గొర్రెపాలలో వేలు ముంచి నాకించాడు.

అది తప్పు కాదు. కురుమలందరూ చేసే పనే. వానలో పుట్టిన బక్క గొర్రెపిల్లను అలాగే గొంగడి ఒడిలో మోస్తారు. రెండు రోజులో మూడు రోజులో మోసేసరికి తల్లిగొర్రె కిందనుంచి "మే" అని పిలుస్తుంది. పిలవగానే దింపేస్తారు. పిల్ల తడబడుతూ తల్లి దగ్గరికి పోతుంది. ఒడిలోంచి ఎప్పుడు దింపాలో కురుమవాడు తనంతట తాను ఎన్నడూ ఆలోచించలేదు. తల్లి పిలుపే లెక్క.

గుప్పికి తల్లి లేదు. ఎవరూ పిలవలేదు. గట్టయ్య దింపలేదు.

ఆరుద్ర వచ్చింది. గుప్పి కళ్లు తెరిచింది. ఒడి అంచు మీద గడ్డం ఆనించి కిందికి చూసింది.

"తాతా, కింద ఏమున్నది?"

"బురద."

"బురదంటే?"

"నీకు అక్కరలేనిది. లోపలికి రా."

మబ్బు ఉరిమింది. గుప్పి గొంగడిలోకి దూరింది.

"తాతా, గదేంది?"

"ఏం లేదు. నేనున్న కదా, పండుకో."

నేల మీద ఉన్న కుక్కపిల్లలకు అది ఉరుమని భూమి చెప్పింది. గొంగడి లోపలికి భూమి మాట వినపడదు. గుప్పికి వినిపించేది గట్టయ్య గుండె చప్పుడొక్కటే. అందుకని పేరు తెలియని ప్రతి చప్పుడుకూ అది తల బయటపెట్టి గట్టిగా మొరిగేది. కాకి అరిచినా మొరిగేది. చెంబు దొర్లినా మొరిగేది. గాలికి ఆకు కదిలినా మొరిగేది.

మొరిగిన ప్రతిసారీ గట్టయ్య దాని తల నిమిరి, ఇంత జొన్నగట్క ముద్ద నోట్లో పెట్టేవాడు. "శభాష్! సింహమే నా బిడ్డ. చూసిన్రా, ఎంత పౌరుషమో!" అని నలుగురికీ చూపించేవాడు.

నల్లమూతి గొర్రె ఒకటి ఇదంతా చూస్తూ మేస్తోంది. ఉండబట్టలేక అడిగేసింది.

"గట్టయ్యా, నా పిల్లను మూడోనాడే దింపినవు. దీన్ని నెల కావస్తున్నా దింపవేంది?"

"నీ పిల్లకు నువ్వున్నవు. 'మే' అని పిలిచినవు, దింపిన. దీన్ని పిలిచేటోళ్లు ఎవరున్నరు?"

"పిలిస్తే దింపుతవా? అయితే నేనే పిలుస్త. మే!"

ఆ గొంతుకు గుప్పి ఉలిక్కిపడి ఒకటే మొరుగుడు.

"చూసినవా? రానంటున్నది" అన్నాడు గట్టయ్య, తాను గెలిచినట్టు.

"రాననడం కాదు, నేనెవరో దానికి తెలుస్తలేదు" అంది గొర్రె. అప్పటికే గట్టయ్య ముందుకు నడిచేశాడు.

తర్వాత గండు అనే పెద్ద కుక్క వచ్చింది. అది తన పిల్లలతో పాటు గుప్పిని కూడా ఆడించాలనుకుంది.

"తాతా, దాన్ని మా నడుమ వదులు. కొంచెం కొరుకుతం. అది కూడా కొరుకుతది. ఎంతవరకు కొరకొచ్చో, ఎక్కడ ఆపాల్నో అట్లనే తెలుస్తది. మాకూ అట్లనే తెలిసింది."

"పో, పోరా! నీ పండ్లేంది, దాని ఒళ్లేంది!"

గండు చెవులు వాల్చుకుని పోయింది.

ఇంట్లో భార్య ఓదెమ్మ ఊరుకోలేదు.

"ఏమయ్యా, తినేటప్పుడన్నా దాన్ని కింద పెట్టరాదూ? నీ ముద్ద కన్నా దాని వెంట్రుకలే ఎక్కువ పోతున్నయి నోట్లెకు."

"కుక్కల సంగతి నాకు చెప్తవా? నేను పెంచినన్ని కుక్కలు నువ్వు చూసినవా?"

"చూసిన. ఒక్కదాన్ని కూడ ఇట్ల మొయ్యలే. అందుకే చెప్తున్న."

గట్టయ్య గుప్పిని ఇంకాస్త లోపలికి జరుపుకున్నాడు.

పుష్యమి కార్తె కూడా చివరికొచ్చింది. ఒకరోజు గట్టయ్య ఒర్రె దగ్గర వంగి నీళ్లు తాగుతుంటే కాళ్ల కిందనుంచి భూమి పిలిచింది.

"గట్టయ్యా."

"ఏంది తల్లీ?"

"కాలం అయిపోతున్నది. ఆ పిల్లను ఒక్క అడుగు పెట్టనీ."

"తడుస్తది."

"తడిస్తే ఆరుతుంది."

"జలుబు చేస్తది."

"చేస్తే తగ్గుతుంది."

"రేపు చూద్దాం తల్లీ."

"నా దగ్గర రేపులు ఎక్కువ లేవు. ఆశ్లేష పోయిందంటే నేను చెప్పలేను."

"దింపుత అంటున్న కదా!" అని విసుక్కుని గట్టయ్య గట్టెక్కాడు.

ఆయన దింపలేదు. ఎందుకు దింపలేదో ఆయనకు తెలుసు. వానాకాలం వచ్చిందంటే గట్టయ్యకు కడుపులో ఒక పాత నొప్పి తిరగబెడుతుంది. ఎన్ని కషాయాలు తాగినా పోదు. ఈ ఏడు గుప్పి ఒడిలో ముడుచుకుని పడుకుంటే ఆ వెచ్చదనానికి నొప్పి మంత్రం వేసినట్టు పోయింది. దింపితే మళ్లీ వస్తుంది. ఆ మాట ఆయన ఓదెమ్మకు చెప్పలేదు. తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. "పసిది, తడుస్తది" అనే మాటే పైకి చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అదే నిజమని నమ్మాడు.

ఆశ్లేష పోయింది. మఖ వచ్చింది.

మఖ కార్తె మొదటిరోజు మందలో ఒక ఆచారం ఉంది. ఆ ఏడు పుట్టిన కుక్కపిల్లలను అందరి ముందూ ముళ్లకంచె లోపలి గొర్రెల దొడ్డిలో వదులుతారు. పిల్ల ఒంటరిగా గొర్రెల మధ్యనుంచి దొడ్డి చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. వస్తే అది మంద కుక్క. దానికి బతికినన్నాళ్లు ముద్ద ఉంటుంది.

రాకపోతే మందపెద్ద దాన్ని పెంచినవాణ్ని పిలిచి, "పెంపకమా, పుట్టుకా?" అని అడుగుతాడు. ఆ మనిషి చేతికర్రను నేలలో గుచ్చి ఒక్క మాట చెప్పాలి.

పెంపకం అంటే తప్పు మనిషిది. ఆ మనిషి ఏడాదిపాటు కుక్కపిల్లను ముట్టకూడదు. పిల్లను ఇంకొకరికి ఇచ్చి మళ్లీ నేర్పిస్తారు. పుట్టుక అంటే తప్పు పిల్లది. మర్నాడు మంద కొత్త పచ్చికకు కదిలేటప్పుడు దాన్ని వెనక వదిలేసి పోతారు.

కర్ర గుచ్చి చెప్పిన మాటను భూమి గింజను దాచినట్టు దాచుకునేది. అప్పటిదాకా కర్ర గుచ్చి ఎవరూ అబద్ధమాడలేదు. కాబట్టి అబద్ధమంటే ఏమిటో భూమికి తెలియదు.

ఆరోజు వాన తెరిపిచ్చింది. జనమంతా దొడ్డి చుట్టూ చేరారు. గండు పిల్లలు మూడూ పరుగెత్తి తిరిగొచ్చాయి. తర్వాత లసుమవ్వ తన చిన్న కుక్కపిల్లను వదిలింది. దాని పేరు మిరియం. అది గుప్పి కన్నా వారం ముందు పుట్టింది, అంతే తేడా. మొన్ననే ఒక నక్కను కంచె దాటించింది. మిరియం గొర్రెల పొట్టల కిందనుంచి బాణంలా పోయి, చాలక ఇంకో చుట్టు కూడా తిరిగి వచ్చింది. లసుమవ్వ ముఖం వెలిగిపోయింది.

"ఇగ మన గట్టయ్య బావ సింహం!" అన్నాడు మందపెద్ద రాజలింగు. అతను ఓదెమ్మ తమ్ముడు. బావను ఆటపట్టించడం అతని హక్కు.

గట్టయ్య గుప్పిని ఒడిలోంచి తీసి నేల మీద పెట్టాడు. దానికి అదే మొదటి అడుగు.

గుప్పి అరికాళ్లు చల్లటి నేలకు తగిలాయి. భూమి ఏమీ చెప్పలేదు. భూమి అప్పటికే పొలాల పనిలో పడిపోయింది. గుప్పి ముందుకాలు ఒకటి పైకెత్తి అలాగే నిలబడింది. ఒళ్లంతా వణుకుతోంది. గొర్రెలు, జనం, ఆకాశం అన్నీ ఎంతో ఎత్తుగా ఉన్నాయి.

"పో బిడ్డా, పో" అన్నాడు గట్టయ్య.

ఒక పొట్టేలు తుమ్మింది.

అంతే. గుప్పి కెవ్వుమని వెనక్కి తిరిగి, గట్టయ్య కాలు పట్టుకుని పైకి పాకబోయి, ఆయన పాదం మీదే ఉచ్చ పోసేసింది. గట్టయ్యకు ఏం చేయాలో తోచక ఎత్తుకున్నాడు. ఒళ్లోకి రాగానే గుప్పి పొట్టేలు వైపు తిరిగి గొంతు చించుకుని మొరిగింది.

జనం పగలబడి నవ్వారు.

"బావా, నీ సింహానికి గుహ నీ కడుపు మీదనేనా?"

"పొట్టేలును కూడ ఎత్తుకో తాతా, రెండిటికీ దోస్తానా అయితది!"

"కాలు కడుక్కో మామా ముందుగాల!"

గట్టయ్య చెవులు కాలిపోయాయి. నలభై ఏళ్లు కుక్కలను పెంచిన మనిషి. ఏ కుక్కా ఇలా చేయలేదు.

రాజలింగు నవ్వు ఆపుకుని, మందపెద్దగా అడగాల్సింది అడిగాడు. "చెప్పు బావా. పెంపకమా, పుట్టుకా?"

గట్టయ్య కర్ర ఎత్తాడు. "పెంపకం" అనే మాట నాలుక దాకా వచ్చింది. ఎదురుగా ఓదెమ్మ కనిపించింది. నల్లమూతి గొర్రె కనిపించింది. గండు కనిపించింది. వీళ్లందరూ చెప్పారు, తాను వినలేదు. ఇప్పుడు వీళ్లందరి ముందూ ఒప్పుకోవాలి.

ఆయన కర్రను నేలలో గుచ్చాడు.

"పుట్టుక."

"మరి అదే జాతి మిరియం తిరిగొచ్చింది కదా?"

అక్కడ ఊరుకున్నా పోయేది. మొండితనం ఊరుకోనిస్తుందా?

"ఇయ్యాల తిరిగింది, రేపు తిరగదు. చిన్న కుక్కల జాతే పిరికి జాతి. నేల మీద నిలబడే జాతి కాదది!"

భూమి ఆ మాట విన్నది. దాచుకున్నది.

దొడ్డి మధ్యలో తోక ఊపుతున్న మిరియం ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని ముందుకాలు ఒకటి పైకి లేచింది. దాని ఒళ్లు వణకడం మొదలుపెట్టింది. లసుమవ్వ పిలిచినా కదల్లేదు. అక్కడున్న చిన్న కుక్కలు ఏడూ, ముసలివీ పిల్లవీ అనే తేడా లేకుండా, ఎక్కడివక్కడ వణుకుతూ నిలబడిపోయాయి.

ఒడిలోంచి గుప్పి తలెత్తి గట్టయ్య ముఖంలోకి చూసింది.

"తాతా, నేను పుట్టుకతోనే పిరికిదాన్నా?"

గట్టయ్య దాని వైపు చూడలేదు. కర్ర పీక్కుని గుడిసెకు నడిచాడు.

ఆ సాయంత్రం లసుమవ్వ గుడిసె ముందుకు వచ్చింది. మిరియం ఆమె కొంగులో చుట్టుకుని ఉంది.

"గట్టన్నా, నిన్నటిదాక నక్కను తరిమిన పిల్ల. ఇయ్యాల కోడిపెట్టను చూసి గంప కింద దూరింది. ఏమైంది దీనికి? కుక్కల సంగతి నీకే ఎరుక కదా, చెప్పు."

ఆమె ఆయన్ను తప్పుపట్టడానికి రాలేదు. నిజంగానే అడగడానికి వచ్చింది. అదే గట్టయ్యకు ఎక్కువ గుచ్చుకుంది.

"గాలి మార్పు" అన్నాడు.

"పెద్దోడివి. నువ్వు చెప్తే నిజమే అయి ఉంటది" అని లసుమవ్వ వెళ్లిపోయింది.

ఓదెమ్మ పొయ్యి ముందు కూర్చుని అంతా విన్నది. కట్టె ఎగదోస్తూ మెల్లగా అంది. "పోయిన ఏడు ఈ దినాలల్ల నొప్పితోని మెలికలు తిరిగినవు. ఈ ఏడు ఒక్కపారి కూడ కషాయం అడగలే. నాకు తెల్వదనుకున్నవా?"

గట్టయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే మంద కదిలింది. గొర్రెలు ముందు, మనుషులు వెనక. గుప్పి గట్టయ్య గొంగడి లోపల ఉంది. దాన్ని ఎవరికీ కనపడకుండా దాచుకుపోవచ్చని ఆయన ముందే అనుకున్నాడు. అందుకే నిన్న అంత తేలిగ్గా ఆ మాట అనగలిగాడు.

మిగతా చిన్న కుక్కలకు గొంగడి లేదు. ఖాళీ దొడ్డిలో ఏడు కుక్కలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. వెంట రావడానికి వాటికి ధైర్యం లేదు. ఉండటానికీ లేదు. లసుమవ్వ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడుస్తోంది. వణికే కుక్కలన్నిటినీ వెనక వదిలేయాలన్న మందపెద్ద తీర్పు కాదనడానికి లేదు. అది గట్టయ్య మాట మీద ఇచ్చిన తీర్పు.

గుప్పి గొంగడి సందులోంచి వెనక్కి చూసింది.

"తాతా, వాళ్లు ఎందుకు వస్తలేరు?"

గట్టయ్య నడుస్తున్నాడు.

"నాలెక్కనే వాళ్లు కూడ పుట్టుకతోనే పాడైన్రా?"

గట్టయ్య నడక ఆగింది.

"తాతా, వాళ్లల్ల ఒకర్ని ఒడిలె ఏసుకో. నేను జరుగుత. జాగున్నది."

ఆ చిన్న ఒడిలో, తన కడుపు కోసం మోసిన ఒడిలో, ఆ పిల్ల ఇంకొకరికి చోటు చూపిస్తోంది.

ఆయన వెనక్కి తిరిగాడు.

"బావా, ఏడికి?" అని రాజలింగు అరిచాడు. గట్టయ్య ఆగలేదు. దొడ్డి మధ్యకు పోయి, నిన్న గుచ్చిన చోటే కర్ర గుచ్చాడు. మంద ఆగింది. మనుషులు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు.

"పెంపకం" అన్నాడు గట్టయ్య.

వాన చినుకుల్లో ఎవరికీ వినపడలేదు.

"ఏందంటున్నవు బావా?"

"పెంపకం! నా పెంపకం!" గట్టయ్య అరిచాడు. "పిల్ల మంచిదే. జాతి మంచిదే. తడుస్తదని దింపలే అని చెప్పిన. అది అబద్ధం. నా కడుపునొప్పికి అది వెచ్చగ ఉన్నదని దింపలే. భూమి చెప్పింది, దింపలే. నా పెండ్లాం చెప్పింది, దింపలే. గొర్రె చెప్పింది, కుక్క చెప్పింది. నిన్న మీరు నవ్విన్రని నా తప్పు తీసి దీని నెత్తిన పెట్టిన. చాలక అన్ని చిన్న కుక్కల నెత్తిన పెట్టిన. లసుమవ్వా, గాలి మార్పు కాదు. నేనే."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండు అనిపించింది గట్టయ్యకు.

కాళ్ల కిందనుంచి భూమి మాట్లాడింది.

"నిన్న ఒక మాట చెప్పావు. ఇవాళ ఇంకో మాట చెప్తున్నావు. ఏది ఉంచుకోను?"

"ఇయ్యాలది ఉంచుకో తల్లీ. నిన్నటిది తీసెయ్యి."

"కర్ర గుచ్చి లేని మాట కూడా చెప్తారా మనుషులు?"

గట్టయ్య తల వంచుకున్నాడు. "నేను చెప్పిన."

"నిన్నటిది గింజలా పడింది, రాత్రికే మొలిచింది. మొలకను నేను మళ్లీ గింజ చేయలేను. చిన్న కుక్కకు ఇక నేల మీద భయమే ముందు పుడుతుంది. నా దగ్గరున్న ధైర్యం దాని అరికాళ్లకు ఇక అందదు."

"మరి ఎట్ల బతకాలె తల్లీ అవి?"

"పక్కన నిలబడిన మనిషి దగ్గర తీసుకోవాలి. పిల్లగా ఉన్నప్పుడే కిందికి దింపి, మనిషి దాని పక్కన నిలబడి, ఇది ఉరుము, ఇది ఎద్దు, ఇది ముల్లు అని ఓపికగా చూపించాలి. నేను చేసిన పని ఇక మీరు చేయాలి. చేసినవాళ్ల కుక్క నడుస్తుంది. చేయనివాళ్ల కుక్క వణుకుతుంది."

"ఈ ఏడింటికి? దీనికి?"

"వీటికి కాలం దాటిపోయింది. ఒక నిండు మనిషి ధైర్యం మొత్తం పంచితే, ఒక్కొక్కటీ మంద వెంట నడిచేపాటి వస్తుంది. నక్కను తరిమేపాటి రాదు. ఇచ్చినవాడికి ఏమీ మిగలదు."

ఓదెమ్మ ముందుకు వచ్చింది. "ఓ అయ్యా, ఆలోచించుకో." ఆమె గొంతులో మొదటిసారి వేళాకోళం లేదు.

"ఆలోచించేది ఏమున్నదే" అన్నాడు గట్టయ్య. చెప్పులు విప్పాడు. తడినేల మీద రెండు పాదాలూ ఆనించాడు. గుప్పిని ఒడిలోంచి తీసి తన పాదాల పక్కన నిలబెట్టాడు. మిగతా ఏడింటినీ దగ్గరికి పిలిచాడు. అవి పాక్కుంటూ వచ్చి ఆయన కాళ్లకు ఒళ్లు ఆనించాయి.

"తీసుకో తల్లీ."

మొదట ఆయన అరికాళ్లు చల్లబడ్డాయి. తర్వాత మోకాళ్లు. చల్లదనం గుండె దాకా వచ్చేసరికి గట్టయ్య పళ్లు టకటకమన్నాయి. కిందనుంచి గుప్పి ఆయన ముఖం వైపు చూసింది.

"తాతా, గా నల్లగ ఉన్నదేంది?"

"పొట్టేలు బిడ్డా. నిన్న తుమ్మిందే, అదే."

"కొరుకుతదా?"

"కొరకదు. ముందుకు పో."

గుప్పి ఎత్తిన కాలు కింద పెట్టింది. ఇంకోసారి ఆయన ముఖం చూసింది. ఒక్క అడుగు వేసింది. మళ్లీ చూసింది. ఇంకో అడుగు వేసింది. మిరియం దాని వెనక నడిచింది. వెనకే మిగతావీ నడిచాయి. దొడ్డి దాటి మందలో కలవడానికి వాటికి చాలాసేపు పట్టింది. అప్పటిదాకా మంద మొత్తం వానలో నిలబడి ఉంది.

మబ్బు ఉరిమింది. కుక్కలు ఆగి, పక్కనున్న మనుషుల ముఖాలు చూసి, నడిచాయి. దొడ్డి మధ్యలో నిలబడిన గట్టయ్య మాత్రం చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాడు.

"ఉరుమే బావా, ఏం చెయ్యదు" అన్నాడు రాజలింగు. నవ్వుతూ అనలేదు.

"తెలుసు" అన్నాడు గట్టయ్య, వణుకుతూ.

భూమి చివరిసారి మాట్లాడింది. "ఇకమీద మీ మాటలు నేను దాచను. మీవి మీరే దాచుకోండి." అంతే, ఆ తర్వాత మనిషికి భూమి గొంతు వినపడలేదు.

అప్పటినుంచే చిన్న కుక్క నేల మీద పెడితే వణుకుతుంది. ముందుకాలు ఒకటి పైకెత్తి నిలబడుతుంది. కొత్త చోట అడుగు వేసే ముందు తన మనిషి ముఖం వైపు చూస్తుంది. ఒళ్లో ఉన్నప్పుడు ఏనుగు వచ్చినా మొరుగుతుంది. పిల్లప్పుడే కిందికి దింపి, పక్కన నిలబడి, లోకం చూపించినవాళ్ల కుక్కకు ఆ వణుకు తగ్గుతుంది. ముద్దని, పసిదని, తడుస్తుందని మోసినవాళ్ల కుక్కకు చచ్చేదాకా తగ్గదు. ఆ తప్పు మాత్రం పుట్టుకది కాదు.

గట్టయ్య ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. మంద వెంట మళ్లీ ఒక్కరోజు కూడా పోలేదు. మిరియం మళ్లీ నక్కను తరమలేదు.